నాలుగు అరచేతులంత చోటులో నిలిచే కారు

కారు ముందున్న బానెట్ ఎత్తితే లోపల ఇంజను కనిపిస్తుందని మనందరికీ తెలుసు. కాని ఒక చిన్న కారు బానెట్ ఎత్తి చూస్తే అక్కడ ఇంజను ఉండదు. స్టెప్నీ చక్రం, పెట్రోలు పోసే మూత, ఒక చిన్న సంచి పట్టేంత చోటు, అంతే! మరి ఇంజను ఎక్కడ? వెనుక సీటు వెనకాల, వెనుక చక్రాల దగ్గర దాగి ఉంటుంది. అదే టాటా వారి నానో కారు.

ఈ కారును 2008 జనవరి 10న ఢిల్లీ వాహన ప్రదర్శనలో మొదటిసారి చూపించారు. 2009లో అమ్మకానికి వచ్చింది. స్కూటరు మీద భార్యాబిడ్డలతో వానలో తడుస్తూ పోయే కుటుంబానికి లక్ష రూపాయలకు ఒక కారు ఇవ్వాలన్నది రతన్ టాటా సంకల్పం. తయారీ 2018లో దాదాపు ఆగిపోయింది. అయినా మన ఊళ్ళలో నానోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మీ వీధిలోనో, మీ బంధువుల ఇంట్లోనో ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి చూసినప్పుడు పైపైన చూసి వదిలేయకండి. మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని పాఠాలు సగం ఆ కారులోనే ఉన్నాయి. వాటిలో కొన్ని తెలిసి ఉండటం ఆ కారులో ప్రయాణించే వారి ప్రాణాలకు కూడా అవసరమే.

ముందుగా, ఇంజను వెనుక ఎందుకు పెట్టారు? లారీని చూడండి. ఇంజను ముందు, దాని బలంతో తిరిగేవి వెనుక చక్రాలు. ఈ రెంటినీ కలపడానికి లారీ పొట్ట కింద పొడవాటి ఇనుప షాఫ్టు కావాలి. ఇక నేటి కార్లలో చాలావాటికి ఇంజనూ ముందే, అది తిప్పే చక్రాలూ ముందువే. అప్పుడు ఆ చక్రాలు తిరగాలి, పక్కలకు మళ్ళాలి కూడా. అందుకు ఖరీదైన కీళ్ళు కావాలి. ఇంజను వెనుక ఉండి వెనుక చక్రాలనే తిప్పితే పొడవాటి షాఫ్టు అక్కరలేదు. ముందు చక్రాలకు మళ్ళడం ఒక్కటే పని. మన ఆటోరిక్షాలో జరిగేది ఇదే గదా! ఒకప్పుడు ప్రపంచమంతా తిరిగిన వోక్స్‌వ్యాగన్ బీటిల్ కారులో కూడా ఇంజను వెనుకనే ఉండేది. ఇంకో లాభం ఏమంటే, ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది. తిరిగే చక్రాలు కూడా వెనుకే ఉన్నాయి కనుక అవి నేలను గట్టిగా పట్టుకుంటాయి.

కాని ప్రకృతి ఏదీ ఊరికే ఇవ్వదు. బరువు వెనుక చేరితే ఒక చిక్కు వస్తుంది. చీపురుపుల్ల బాణాలు మీరు చేసే ఉంటారు. పుల్ల మొనకు కాస్త బంకమట్టి అంటించి విసిరితే తిన్నగా పోతుంది. అదే మట్టిని తోకకు అంటించి విసరండి. గాలిలో గిర్రున తిరిగి తోకే ముందుకు వస్తుంది! తోక బరువైన కారుకు కూడా మలుపులో వేగం ఎక్కువైతే వెనుక భాగం బయటికి జరగాలని చూస్తుంది. దీన్ని అదుపులో పెట్టడానికి ఇంజనీర్లు చేసిన ఉపాయం చాలామంది గమనించరు. నానో ముందు టైర్లు, వెనుక టైర్లు ఒకే కొలతవి కావు!

టైరు పక్కన అచ్చువేసిన అంకెలు చదవండి. ముందు టైరు మీద 135/70 ఆర్ 12 అని ఉంటుంది. వెనుక టైరు మీద 155/65 ఆర్ 12. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది టైరు పక్కగోడ ఎత్తు, వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. 'ఆర్' అంటే రేడియల్ టైరు. చివరి 12 లోపలి ఇనుప చక్రం వ్యాసం, అంగుళాలలో. ఇప్పుడు లెక్క కట్టండి. ముందు టైరు పక్కగోడ ఎత్తు 135లో 70 శాతం, అంటే 94.5 మి.మీ. పైన ఒకటి, కింద ఒకటి కలిపి 189. దానికి 12 అంగుళాలు, అంటే 304.8 మి.మీ. కలిపితే మొత్తం వ్యాసం సుమారు 494 మి.మీ. వెనుక టైరుకు ఇలాగే కడితే 506 వస్తుంది. కనుక వెనుక టైరు వెడల్పే కాదు, ఎత్తు కూడా కాస్త ఎక్కువ. పంక్చరు వేయించిన తర్వాత ముందుది వెనుక, వెనుకది ముందు బిగిస్తే ఇంజనీర్ల ఉపాయం తలకిందులవుతుంది. స్టెప్నీ బిగించేటప్పుడు కూడా దాని అంకెలు చదివి, కొలత వేరైతే నెమ్మదిగా పోయి, అసలు చక్రం బాగుచేయించి త్వరగా మార్చుకోవాలి.

ఇక గాలి సంగతి. ఇదే అన్నిటికన్నా ముఖ్యం, కనుక కాస్త నిదానంగా చూద్దాం.

కారు బరువు నేలమీద ఎంత చోటులో మోపి ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగిస్తే వచ్చేది. అయితే వైశాల్యం అంటే బలాన్ని పీడనంతో భాగిస్తే వచ్చేది అన్నమాట. ఖాళీ నానో బరువు సుమారు 600 కిలోలు. లెక్క కోసం అందులో 360 కిలోలు వెనుక, 240 ముందు పడుతున్నాయనుకుందాం. ఒక్కొక్క వెనుక టైరు మీద 180 కిలోలు. అందులో గాలి 33 పౌండ్లు ఉందనుకోండి. అది చదరపు సెంటీమీటరుకు సుమారు 2.3 కిలోల పీడనం. 180ని 2.3తో భాగిస్తే 78 చదరపు సెంటీమీటర్లు. వేళ్ళు వదిలేసి మీ అరచేయి కొలవండి, దాదాపు అంతే ఉంటుంది! ముందు టైరు మీద 120 కిలోలు. అందులో 23 పౌండ్ల గాలి, అంటే సుమారు 1.6 కిలోల పీడనం ఉంటే 75 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. అదీ ఒక అరచేయే. టైరు గోడల బిరుసును మనం లెక్కలోకి తీసుకోలేదు కనుక ఇది ఉజ్జాయింపు మాత్రమే. అయినా చూశారా, ఒక కుటుంబాన్ని మోస్తూ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు నాలుగు అరచేతులంత చోటుతో నేలను పట్టుకొని ఉంది. మలుపు తిరిగినా, బ్రేకు వేసినా పనిచేసే ఘర్షణ అంతా అక్కడే.

ఇప్పుడు గాలి కొట్టే అతను అలవాటు ప్రకారం నాలుగు చక్రాలకూ 30 పౌండ్లు కొట్టాడనుకోండి. ముందు టైరు అవసరానికి మించి గట్టిపడుతుంది. నేలను తాకే చోటు 57 చదరపు సెంటీమీటర్లకు తగ్గుతుంది. గతుకుల మీద బంతిలా ఎగురుతుంది. నడిమి భాగం తొందరగా అరుగుతుంది. వెనుక టైరు మాత్రం మోయవలసిన బరువుకు మెత్తగా ఉంటుంది. నలుగురు ఎక్కితే దాని పక్కగోడలు వంగుతూ లేస్తూ వేడెక్కుతాయి. మలుపులో తోక ఊగుతుంది. కనుక నానోలో ముందు గాలి తక్కువ, వెనుక ఎక్కువ ఉండాలి. పైన నేను వాడిన అంకెలు లెక్క కోసమే. మీ కారుకు ఎంత కావాలో దానితో వచ్చిన చిన్న పుస్తకంలోనో, తలుపు దగ్గర అంటించిన చీటీలోనో ఉంటుంది. అది చూసి చెప్పి కొట్టించాలి.

గాలి ఎప్పుడు కొలవాలి? పొద్దున్నే, కారు ఇంకా కదలకముందు. ఎందుకంటే ఘనపరిమాణం మారనప్పుడు వాయువు పీడనం దాని పరమ ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 33 పౌండ్లు చూపించిన టైరు, ఎండలో పరుగెత్తి 60 డిగ్రీలకు వేడెక్కిందనుకోండి. వాతావరణ పీడనం 14.7 కలిపితే అసలు పీడనం 47.7. దాన్ని 333తో గుణించి 303తో భాగిస్తే 52.4. మళ్ళీ 14.7 తీసేస్తే మీటరు సుమారు 38 చూపిస్తుంది. ఇది చూసి 'గాలి ఎక్కువైంది' అని తీసేయించే వారు చాలామంది ఉన్నారు. అది తప్పు. చల్లారిన తర్వాత ఆ టైరు మెత్తబడిపోతుంది.

టైరు వయసు కూడా దాని మీదే రాసి ఉంటుందని మీకు తెలుసా? పక్కగోడ మీద ఒక చిన్న అండాకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2317 అని ఉంటే 2017వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. కారు తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. గాళ్ళు లోతుగానే ఉన్నా పక్కగోడలు బీటలు వారిన టైరును నమ్మకూడదు.

ఈ కారు చక్రానికి మూడే నట్లు. చాలా కార్లకు నాలుగో అయిదో ఉంటాయి. మూడు బిందువులు ఒక తలాన్ని నిర్ణయిస్తాయని రేఖాగణితంలో చదివారు గదా. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలమీద కూడా కదలకుండా నిలబడేది అందుకే. తేలికైన కారుకు మూడు నట్లు చాలు. కాని ఒకటి వదులైతే మిగిలేది రెండు బిందువులు, అంటే ఒక గీత మాత్రమే. ఆ గీత మీద చక్రం ఊగుతుంది. చక్రం మార్చిన తర్వాత కొంతదూరం పోయి, ఆపి, మూడింటినీ మరోసారి బిగించి చూసుకోవడం ఈ కారుకు మరీ అవసరం.

ముందు అద్దానికి వైపరు కూడా ఒక్కటే. ఇంజనులో సిలిండర్లు రెండే, పరిమాణం 624 ఘనపు సెంటీమీటర్లు. రెండు సిలిండర్ల ఇంజను సహజంగా ఎక్కువ కుదుపుతుంది. ఆ కుదుపును తగ్గించడానికి లోపల బరువు కట్టిన ఒక షాఫ్టు ఎదురుదిశలో తిరుగుతుంది. ఒకడు ఉయ్యాలను ఇటు నెడుతుంటే ఇంకొకడు అదే సమయంలో అటు నెట్టినట్లు! బ్యాటరీ డ్రైవరు సీటు కింద ఉంటుంది. వెనుక బరువు ఎక్కువైంది కనుక ఇలాంటివి ముందుకు జరపడం మంచిదే. 2015కు ముందు వచ్చిన నానోలకు వెనుక తలుపు తెరుచుకునేది కాదు. సామాను వెనుక సీటు మడిచి లోపలి నుంచే పెట్టాలి. వెనుక చక్రాల ముందు రెండు పక్కలా గాలి రంధ్రాలుంటాయి. వెనుక దాగిన ఇంజనుకు గాలి చేరే దారి అదే. వర్షాకాలంలో అక్కడ బురద, ఆకులు పేరుకోకుండా చూడాలి.

ఎత్తయిన తేలిక కారు, తోక బరువు. ఈ రెండూ కలిసినప్పుడు పక్కగాలి ఎక్కువగా పనిచేస్తుంది. హైవే మీద పెద్ద లారీని దాటేటప్పుడు మొదట గాలి ఆగినట్లుంటుంది, దాటగానే ఒక్కసారిగా పక్కకు తోస్తుంది. నడిపేవారు రెండు చేతులూ స్టీరింగు మీద ఉంచి, వేగం తగ్గించుకోవాలి.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మరో పాఠం గుర్తుంచుకోవాలి. తిరుమల కొండ కింది ఊరికన్నా సుమారు 650 మీటర్లు ఎత్తు. నలుగురితో కలిపి 900 కిలోల కారు కిందికి దిగితే అది కోల్పోయే స్థితిశక్తి 900 × 10 × 650, అంటే 58 లక్షల 50 వేల జౌళ్ళు. 30 డిగ్రీల నీటిని మరిగే దాకా వేడిచేయడానికి కిలోకు 2 లక్షల 94 వేల జౌళ్ళు కావాలి. కాబట్టి ఈ శక్తితో దాదాపు 20 లీటర్ల నీటిని మరిగించవచ్చు! ఆ వేడంతా బ్రేకుల్లోకే పోతే ఏమవుతుంది? నానోకు ఉన్నవి నాలుగూ డ్రమ్ము బ్రేకులు. డ్రమ్ము మూసి ఉంటుంది కనుక వేడి త్వరగా పోదు. బాగా వేడెక్కితే బ్రేకు పట్టు తగ్గిపోతుంది. పెడల్ తొక్కినా కారు ఆగనట్లుంటుంది. అందుకే ఎక్కేటప్పుడు ఏ గేరు వాడామో దిగేటప్పుడూ ఆ గేరే వాడాలంటారు అనుభవజ్ఞులు. చిన్న గేరులో చక్రాలే ఇంజనును తిప్పవలసి వస్తుంది. కొంత శక్తి అక్కడ ఖర్చవుతుంది, బ్రేకుల మీద భారం తగ్గుతుంది. పెట్రోలు ఆదా అని ఇంజను ఆపి న్యూట్రల్‌లో దిగేవారు ఈ సహాయాన్ని చేతులారా వదులుకుంటున్నారు.

ఇంకొక నిజం కూడా చెప్పాలి. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఈ కారును గోడకు గుద్దించి పరీక్షించినప్పుడు దానికి ఒక్క నక్షత్రం కూడా రాలేదు. ముందు ఇంజను లేని పొట్టి కారు, పైగా పరీక్షించిన దానిలో గాలిసంచులు లేవు. కనుక ఇందులో కూర్చునేవారికి సీటు బెల్టే పెద్ద దిక్కు. గంటకు 60 కి.మీ. వేగం 80 అయితే గతిశక్తి మూడో వంతు పెరుగుతుందనుకుంటారు. కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది కనుక దాదాపు 78 శాతం పెరుగుతుంది. సీటు బెల్టు పనిచేస్తోందో లేదో మీరే పరీక్షించవచ్చు. మెల్లగా లాగితే సాగాలి, చటుక్కున లాగితే ఠక్కున ఆగాలి. ఆగకపోతే ఆ మాట పెద్దలకు చెప్పండి.

కారు లేనివారికి ఒక ప్రయోగం. మీ సైకిలు వెనుక చక్రానికి తడి సున్నం పూసి, మీరు ఎక్కి కూర్చుని, ఎవరినైనా పట్టుకోమని, చక్రాన్ని గళ్ళ కాగితం మీద దించండి. పడిన ముద్రలోని గళ్ళు లెక్కపెట్టి వైశాల్యం కట్టండి. తర్వాత కొంచెం గాలి తీసి మళ్ళీ ముద్ర వేయండి. రెండు వైశాల్యాలకూ తేడా ఎంత వచ్చింది?