ఒంటరిగా పనిచేయదలచిన మేనల్లునికి

చిరంజీవియగు మేనల్లునికి బళ్ళారినుండి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరము చేరినది. మన ప్రాంతమునందలి బూడిదదిబ్బలను, రాతిగొడ్డళ్లు దొరకు తావులను ఊరూర తిరిగి నమోదు చేయుటకై మిత్రులతో కూడి ఏర్పరచుకొన్న బృందమునుండి వైదొలగి, ఇకమీదట ఆ పనిని ఒక్కడవే చేయ నిశ్చయించితినని, అందలి మంచిచెడ్డలు చెప్పుమని అడిగితివి. వలదని చెప్పను. అయితే నీవు చూపిన కారణములలో కొన్ని నాకు రుచింపలేదు. వానినే ముందుగా చెప్పెదను.

సమావేశములలో నీ మాట నెగ్గలేదనియు, నివేదికలో నీ పేరు కడపట చేర్చిరనియు, ఒకని సోమరితనము పదుగురకు ఆలస్యమగుచున్నదనియు వ్రాసితివి. ఇవి మనుష్యులమీది కినుకలు గాని పనిని గూర్చిన మాటలు కావు. కినుకతో ఏకాంతమును ఆశ్రయించినవాడు ఎంత దూరపు కొండ యెక్కినను విడిచివచ్చిన ఆ నలుగురితోనే మనసులో వాదులాడుచుండును. రాయి కన్నులయెదుట నున్నను వానికి కానరాదు. కాని అదే యుత్తరములో, నీవంతగా లక్ష్యపెట్టక వ్రాసిన మాట యొకటి కలదు: నలుగురు జీపు దిగి గ్రామము ప్రవేశించినంతనే ఊరివారు సర్కారు కొలతగాండ్రు వచ్చిరని బెదరి ముక్తసరిగా బదులిచ్చిరనియు, నీవొక్కడవే కాలినడకను పోయిననాడు గొర్రెలకాపరి తనంతట తాను దిబ్బకు దారి చూపెననియు. నాయనా, నీ నిశ్చయమునకు ఆ యొక్క కారణము చాలును.

ఏ పని నలుగురు చేయదగినదో, ఏ పని యొక్కడు చేయదగినదో ఆ పనియే చెప్పును. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభయు, కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమ సభయు అను నాటకసమాజములు వెలసిన ఈ యూరిలో పుట్టినవానికి సమష్టిబలము నేను బోధింప నక్కరలేదు. ధర్మవరమువారి మేనల్లుడగు బళ్ళారి రాఘవ ఎంతటి నటుడైనను, రంగముమీద ఎదుటిపాత్ర అందించు మాటను అందుకొనియే తన పాత్రను నిలుపవలసినవాడు. కోలాచలమువారన్ననో ప్రదర్శనమునకు సభను నమ్మినవారే యైనను, ప్రపంచ నాటకచరిత్రను 1908లో ఆంగ్లమున వెలువరించునప్పుడు రచనాభారమును తామొక్కరే మోసిరి. సమాజమును విడిచి ఏకాంతమునకు పోయిరని దీనికర్థము కాదు. ఒకే మనుష్యునికి రెండు విధములైన పనులు ఉండెనని యర్థము. మెకంజీ దొర కొలువున కావలి సోదరులు మొదలైనవారు దేశము నలుదెసల తిరిగి ఊరూరి చరిత్రలగు కైఫీయతులను సేకరింపకున్న, ఒంటివానికి ఎన్ని జన్మములెత్తినను ఆ సంపుటములు సమకూడెడివి కావు. నీ పని యట్టిది కాదు. ఒక దిబ్బయొద్ద పూటంతయు కూర్చుండి చూచువానికి గాని అది అంతుచిక్కదు.

ఈ మార్గమున నీకు పూర్వుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఆయన 1858లో భూగర్భ పరిశోధనశాఖలో చేరి, 1863 మే 30వ తేదీన మద్రాసు చెంత పల్లావరమున ఆదిమానవుని రాతిపనిముట్టును గుర్తించెను. ఆ సంవత్సరమే అత్తిరంపాక్కమున మరికొన్ని దొరకినపుడు విలియం కింగ్ ఆయనకు తోడుండెను. ఒంటరులుగా మనము ఎంచుకొనువారిలో అనేకులకు ఇట్టి తోడు ఏదో యొకదశలో ఉండినదే. మన జిల్లా భూగర్భమును గూర్చి 1895లో వెలువడిన గ్రంథము మాత్రము ఆయన యొక్కని కృతి. ఈ బూడిదదిబ్బలను గూర్చి ఆనాడు పలువురు పలువిధములుగా తలచుచుండిరి. హంపి చెంత నింబాపురపు దిబ్బను వాలిని దహించిన తావని జనులు నేటికిని చెప్పుదురు. చదువుకొన్నవారిలో కొందరు ఇనుము కరగించిన కొలుముల కిట్టమనిరి, కొందరు సామూహిక దహనముల శేషమనిరి. నవీన శిలాయుగమునాటి పశుపాలకులు మందలను కట్టిన దొడ్లలో పేరుకొన్న పేడ కాలి ఇట్లు బూడిదయు, కరగి గట్టిపడిన కిట్టమును అయ్యెనని ఫుట్ పలికెను. ఆ పలుకు ఆనాటికి ఒక ఊహగానే నిలిచినది. 1957లో మన తెలుగునాట, పాలమూరుసీమలోని ఉట్నూరున పురావస్తుశాస్త్రజ్ఞుడు రేమండ్ ఆల్చిన్ త్రవ్వించినపుడు దొడ్డికంచెల గుంజలు నాటిన గుంటలును, పశువుల గిట్టల ముద్రలును బయల్పడినవి. 1960లో జాయినర్ అను శాస్త్రజ్ఞుడు బూడిదను పరీక్షించి అది పేడబూడిదయే యని ప్రకటించెను. అప్పటికి ఫుట్ గతించి దాదాపు అర్ధశతాబ్ది గడచినది.

ఆయన ఊహ ఫలించుటకంటె నన్ను ఎక్కువగా ఆకర్షించునది, ఆ ఊహను పరీక్షించుటకు ఇతరులకు ఆయన విడిచిపోయిన సామగ్రి. జీవితకాలమున కూర్చిన పనిముట్లను 1904లో మద్రాసు మ్యూజియమునకు చేర్చెను. ఏ రాయి ఏ తావున దొరకెనో తెలుపు పట్టిక ఆయన మరణానంతరము 1914లోను, వివరణము 1916లోను అచ్చుపడినవి. ఆ తరువాత మన బెండపూడి సుబ్బారావు పురావస్తుశాస్త్రజ్ఞులగు సంకాలియాగారి శిష్యుడై సంగనకల్లున త్రవ్వకము జరిపి, బళ్ళారి శిలాయుగ సంస్కృతులను గూర్చిన గ్రంథమును 1948లో ప్రకటించునాటికి, నిలుచుటకొక నేల ఉండినది. ఒంటరిగా పనిచేయువానికి నే విధించు ధర్మమంతయు ఇందే యున్నది. బృందములో నీ పొరపాటును ప్రక్కవాడు అప్పటికప్పుడే పట్టుకొనును. ఒంటరివైతివా, సాక్షివి నీవే, తీర్పరివి నీవే. నీవెన్నడు నెరుగని యొకడు పిమ్మట వచ్చి నీ తప్పును పట్టగలుగునట్లు వ్రాసిపెట్టుటయే నీకు మిగిలిన రక్షణ.

కావున ఏనాటిది ఆనాటి సాయంకాలమే వ్రాయుము. ఊరు, దిక్కు, గుర్తు, దారి చూపినవారు, చూచినది, చూడగోరియు చూడలేకపోయినది, అన్నియు వ్రాయుము. నీ యూహను మాత్రము వేరు పుటలో వ్రాయుము. నేలమీది రాతిని సంచిలో వేసికొని వచ్చినచో ఆ తావు మూగపోవును. త్రవ్వకము జోలికి పోకుము. దానికి ప్రభుత్వపు అనుమతియు, నేర్చిన చేతులును, అనగా మరల ఒక బృందమే కావలెను. కుప్పగల్లు, సంగనకల్లు కొండలయందు కంకరకై రాళ్లు కొట్టు పని ఎట్టిదో నీవే చూచితివి. నీవు సమగ్రతకై ఎదురుచూచుచుండగా సాక్ష్యమే తరలిపోగలదు గనుక, చూచినంతవరకు ఏటేట ప్రకటించుచుండుము.

కన్నడము చక్కగా నేర్చుకొనుము. బజారులో బేరమాడుటకు చాలిన కన్నడము ముసలివారి జ్ఞాపకములను వినుటకు చాలదు. దుబాసీని వెంట గొనిపోవువాడు ఒంటరివాడును కాడు, బృందమును కాడు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమునకును, బళ్ళారి మైసూరునకును చెందినది మొదలు ఈ సీమ పట్టికలు రెండు రాష్ట్రములలో చీలియున్నవి. అనంతపురమువైపు పాలవాయి దిబ్బను చూడక ఇచటి దిబ్బలనుమాత్రము చూచి నిర్ణయము చేయరాదు. దరోజి ప్రాంతమున ఎలుగుబంట్ల సంచారము కలదని నీకు తెలిసినదే. ఏ కొండకు పోవుచున్నావో, ఎప్పటికి మరలివత్తువో ఇంట చెప్పక బయలుదేరవలదు. ఇందు ఏకాంతవ్రతమునకు భంగమేమియు లేదు.

ఇక విడిపోవు విధము. అందరు కలసి సేకరించిన పుస్తకములను, పటములను వారికే అప్పగింపుము. వానినుండి నీకు కావలసినవి వారి యనుమతితో వ్రాసికొని, ఎవరివో పేరుతో సహా గుర్తించుకొనుము. నీతో అందరికంటె ఎక్కువగా విభేదించిన ఆ మిత్రుడు, నీ యుత్తరమునుబట్టి చూడగా, మీలో అందరికంటె జాగరూకుడు. ఏటి చివర నీ వ్రాతప్రతిని మొట్టమొదట అతనికే పంపుము. అందుకు అతడు సమ్మతించునో లేదో ఇప్పుడే, విడిపోకమునుపే, పోయి అడుగుము.

మీ అమ్మకు వేరుగా వ్రాయుచున్నాను. నీవు పంతమునకు పోయి పని మానుకొంటివని ఎవరో ఆమెకు చెప్పినారట. పని మానలేదని, ఎక్కువైనదని నేను తెలిపెదను. పండుగకు వచ్చునపుడు తొలి నోటుపుస్తకమును వెంట తెమ్ము.

ఇట్లు,
నీ మేనమామ