అన్నం తగ్గించిన ఇంట్లో: చేయవలసినవి - చేయకూడనివి

వరి కోతకు ముందే చేలో మినుము చల్లే మాగాణి మనది. ఘంటసాల నుంచి చల్లపల్లి దాకా ఏ ఇంట చూసినా పొద్దున ఇడ్లీయో అట్టో, రెండు పూటలా అన్నం. వీరమాచనేని రామకృష్ణ చెప్పిన ఆహార పద్ధతి 2018 ప్రాంతంలో మన కృష్ణా జిల్లాలోనూ బాగా పాకింది. అందులో అన్నం బందు, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొబ్బరినూనె వంటి కొవ్వు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు. ఆ ఊపు తగ్గినా షుగరు కోసమో, బరువు కోసమో కంచంలో అన్నం తగ్గించి గుడ్డు, చేప, కాలీఫ్లవరు పెంచుకున్నవారు ఉన్నారు. వారికి పొయ్యి దగ్గర కన్నా మందుల డబ్బా దగ్గరే ముప్పు ఎక్కువ. అందుకే అక్కడి నుంచి మొదలుపెడుతున్నాను.

పొయ్యి వెలిగించక ముందు

అన్నం తగ్గించేముందు డాక్టరుకు చెప్పండి. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మందుల మోతాదు మీరు రోజూ తినే తిండికి సరిపడేలా రాసింది. అన్నం తీసేసి మందు మాత్రం అలాగే వాడితే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం దాని గుర్తులు. మీటరులో షుగరు 70 కన్నా తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. పథ్యం చెడుతుందని ఆ పంచదార మానేయడం ప్రాణాల మీదికి తెస్తుంది. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. 108కి ఫోన్ చేయాలి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మందులు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అన్నం బాగా తగ్గిస్తే మీటరులో షుగరు మామూలుగానే కనిపిస్తూ, లోపల రక్తంలో ఆమ్లాలు పేరుకోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలైతే మీటరు చూసి ధైర్యం తెచ్చుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఏ మందునూ సొంతంగా మానకూడదు, సగానికి విరిచి వేసుకోకూడదు.

గర్భిణులు, బాలింతలు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీదే ఉన్నవారు డాక్టరు చెప్పకుండా ఈ దారి పట్టకూడదు. ఇంట్లో ఒకరి పథ్యాన్ని ఎదిగే పిల్లలకు అంటగట్టవద్దు.

మినపట్టు, పెసరట్టు పప్పే కదా అని లెక్క లేకుండా తినకండి. ఆ పప్పుల్లోనూ దాదాపు సగం పిండిపదార్థమే.

చేప, కోడి, గుడ్డు

బందరు గిలకలదిండి నుంచి వచ్చే సముద్రపు చేపైనా, చెరువులో పట్టిన బొచ్చె, శీలావతి అయినా మొప్పలు ఎర్రగా, కళ్లు తేటగా ఉంటేనే కొనండి. కానాగడతలు, ట్యూనా వంటివి ఐసు లేకుండా ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ పుడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. పులుసులో చింతపండు ఎక్కువ వేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు.

కోడిమాంసాన్ని కుళాయి ధార కింద కడగవద్దు. ఆ తుంపర్లతో క్రిములు గట్టుమీదికీ, పక్కనున్న కూరగాయల మీదికీ చేరతాయి. మాంసం కోసిన కత్తి, పీట సబ్బుతో కడిగాకే కాలీఫ్లవరు ముట్టుకోండి. ముక్క లోపల గులాబీ రంగు లేకుండా, గుడ్డు సొన గట్టిపడేదాకా వండాలి.

వండిన కూర రెండు గంటల లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. కరెంటు పోతే తలుపు తీయకండి, నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. ఆ తర్వాత మాంసం, చేప కూరలు పారేయండి.

నూనె, కూరగాయలు

ఈ వంటల్లో నెయ్యి, కొబ్బరినూనె వాడకం ఎక్కువ. పొగ వచ్చేదాకా కాగనివ్వద్దు. బాణలి అంటుకుంటే నీళ్లు పోయవద్దు, మంట ఎగసి ఇల్లంతా అంటుకుంటుంది. పొయ్యి కట్టేసి మూత బోర్లించండి, చల్లారేదాకా తీయవద్దు. వేపుడు నూనెను మళ్లీ మళ్లీ మరిగించకండి.

సొరకాయ, బీరకాయ, దోసకాయ తరిగినప్పుడు చిన్న ముక్క నాలుక చివర పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. ఉప్పు వేసి పిండినా, ఉడికించినా ఆ విషం పోదు. ముఖ్యంగా పొద్దున్నే పచ్చి సొరకాయ రసం తాగే అలవాటున్నవారు చేదును ఓర్చుకుని మింగకూడదు. దానివల్ల రక్తపు వాంతులై చనిపోయినవారు మన దేశంలో ఉన్నారు. పొరపాటున తాగి వాంతులు, విరేచనాలు మొదలైతే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.