క్వారీ గుంట నీళ్లలో ఏముంది?



పిడుగురాళ్ల అంటే సున్నం. మన హాస్టల్‌లో చదివిన చాలామంది అమ్మానాన్నలు సున్నపు బట్టీల్లోనో, క్వారీల్లోనో పనిచేసినవారే. రాయి తీసేసిన గుంటల్లో వాననీరు నిలిచి లేత నీలంగా మెరుస్తుంటుంది. ఆ నీళ్లలో సున్నం తప్ప ఏముంటుందని మేమూ అనుకునేవాళ్లం. మా ఇళ్లలో డిగ్రీ దాటిన మొదటివాళ్లం మేమే. పి.జి.లో చేరాక, సెలవులకు వచ్చినప్పుడు ఒక సీసాడు నీళ్లు పట్టుకెళ్లి సూక్ష్మదర్శిని కింద పెట్టాం.

ప్రవాహానికి ఎదురీదలేక, నీరు ఎటు కదిలితే అటు పోయే జీవులను ప్లవకాలు అంటారు. ఎండ సాయంతో ఆహారం తయారుచేసుకునేవి వృక్ష ప్లవకాలు. వాటిని తిని బతికేవి జంతు ప్లవకాలు.

మేము ముందుగా వెతికింది డెస్మిడ్ల కోసం. పుస్తకంలో అన్నింటికన్నా అందమైన బొమ్మలు వాటివే. ఒకటే కణం, కానీ నడుము దగ్గర నొక్కినట్లు రెండు సమాన భాగాలుగా ఉంటుంది. అవి పీట్ నేలల గుంటల్లో విరివిగా పెరుగుతాయి. మొక్కలు పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లు పేరుకుపోతే ఏర్పడేది పీట్. చలి దేశాల్లో ఎక్కువ, మన దక్షిణాదిన నీలగిరి కొండల మీద ఉంది. చలి దేశాల పీట్ నేలల్లో స్ఫాగ్నం అనే నాచు నీటిని ఆమ్లంగా మారుస్తుంది. పి.హెచ్. 4 దగ్గరికి కూడా పడిపోతుంది. కాల్షియం చాలా తక్కువ. డెస్మిడ్లలో ఎక్కువ రకాలకు కావలసింది అలాంటి నీరే.

మన గుంట దానికి పూర్తిగా వ్యతిరేకం. వాననీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. అలాంటి నీటి పి.హెచ్. సాధారణంగా 8 అటూ ఇటూ. అందుకే మాకు డెస్మిడ్లు ఒకటీ అరా తప్ప దొరకలేదు. నిరాశపడ్డాం కానీ మిగతావి చూశాక ఆ సంగతే మరిచిపోయాం. గాజు పెట్టెలాంటి సిలికా కవచంతో డయాటంలు, నోటి దగ్గర చక్రం తిరుగుతున్నట్లుండే రోటిఫర్లు, ఒంటికన్ను సైక్లాప్స్. (బట్టీలో కాల్చిన సున్నం సంగతి వేరు. అది నీళ్లలో ఎక్కువగా కలిస్తే పి.హెచ్. 12 దాకా పోతుంది, ఇవేవీ బతకవు.)

సైక్లాప్స్ గురించి కొంచెం చెప్పాలి. వెనుకటి రోజుల్లో నారికురుపు వ్యాధి దీని ద్వారానే వచ్చేది. పురుగు పిల్లలున్న సైక్లాప్స్‌ను నీళ్లతో మింగితే, దాదాపు ఏడాది తర్వాత మీటరు దాకా పొడవుండే పురుగు కాలి పుండులోంచి బయటికి వచ్చేది. ఆ కాలు నీళ్లలో పెడితే మళ్లీ పిల్లలు నీటిలోకి చేరేవి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఈ వ్యాధి ఉండేది. దీనికి టీకా లేదు, చంపే మందూ లేదు. నీళ్లను గుడ్డతో వడకట్టించడం, దిగుడు బావులను మాన్పించడం వంటి పనులతోనే పోగొట్టారు. మన దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది.

ఎండాకాలంలో మా అమ్మలు గుంట నీళ్లు తెచ్చి, పాత చీరను మడతలు పెట్టి బిందె మూతికి కట్టి వడపోసేవారు. మేము అది వట్టి అలవాటనుకున్నాం. ప్రయోగశాలలో ప్లవకాలను పట్టే వల కూడా ఒక సన్నని గుడ్డే! మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే సైక్లాప్స్ ఆ చీర మడతల్లో ఆగిపోతుంది. డయాటంలు చాలావరకు జారిపోతాయి, వాటితో భయం లేదు. భయపడాల్సింది నీటి మీద పచ్చరంగు కలిపినట్లు తెట్టు కట్టే మైక్రోసిస్టిస్‌కు. దాని విషం నీటిలో కరిగి ఉంటుంది. గుడ్డకు ఆగదు, కాచినా పోదు. అలాంటి నీళ్లు పశువులకు కూడా పెట్టవద్దని ఇంట్లో చెప్పండి.

మొన్న సెలవుల్లో హాస్టల్‌కు సూక్ష్మదర్శిని తెచ్చాం. ఎనిమిదో తరగతి తమ్ముడు ఒకడు సైక్లాప్స్‌ను చాలాసేపు చూసి, "అన్నా, ఇన్నాళ్లూ ఇవి మనం తాగామా?" అన్నాడు.

తాగే ఉంటాం అన్నాం. వాడు మళ్లీ కన్ను పెట్టి చూడసాగాడు.