పేరు చూసి ఊరుకోకండి, ఊరు అడగండి

ప్రశ్న: మా అమ్మాయి చదువుకని కొన్న ల్యాప్‌టాప్ రెండు నెలలుగా మొరాయిస్తోంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే ‘సర్వీస్ హోస్ట్’ అనే పేరుతోనే డెబ్భై దాకా ఉన్నాయి. ఒకే పేరుతో ఇన్ని ఉన్నాయంటే వైరసేనని మా మరిది అంటున్నాడు. అన్నింటికీ ఎండ్ టాస్క్ కొట్టేయమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. వాటిలో కొన్నింటిని ఆపితే విండోస్ అక్కడికక్కడే రీస్టార్ట్ అవుతుంది. అమ్మాయి సేవ్ చేసుకోని పాఠం పోతుంది.

సౌండు, వైఫై, అప్‌డేట్ల వంటి సేవల్లో చాలావరకు సొంతంగా నడవలేవు. వాటిని మోసేదే సర్వీస్ హోస్ట్. ఒకప్పుడు ఒక్కో హోస్ట్ కొన్ని సేవల్ని కలిపి మోసేది. ఒకటి కుప్పకూలితే పక్కవీ పడిపోయేవి. 2017లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి, 3.5 జీబీ కంటే ఎక్కువ ర్యామ్ ఉన్న కంప్యూటర్లలో చాలా సేవల్ని విడదీసి, దేని హోస్ట్ దానికి ఇచ్చారు. అందుకే అన్ని కనిపిస్తున్నాయి. పక్కనున్న బాణం గుర్తు నొక్కితే ఏది ఏ సేవను మోస్తోందో తెలుస్తుంది.

అలాగని మీ మరిది అనుమానాన్ని తీసిపారేయలేం. అందరూ నమ్మే పేరు కాబట్టే దొంగ ప్రోగ్రాములు దాన్ని తగిలించుకుంటాయి. అసలు ఫైలు పేరు ‘ఎస్‌వీసీహోస్ట్’. ‘ఎస్‌సీవీహోస్ట్’ అని అక్షరాలు తారుమారు చేసో, ‘ఓ’ ఉండాల్సిన చోట సున్నా పెట్టో వస్తాయి. అచ్చం అదే పేరుతోనూ రావచ్చు. కాబట్టి పేరుతో సరిపెట్టుకోకుండా ఊరు కనుక్కోవాలి. రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కండి. సీ డ్రైవ్‌లో, విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32కు తీసుకెళ్లిందా, చాలావరకు దిగులు లేదు. టెంప్‌లోనో డౌన్‌లోడ్స్‌లోనో తేలిందా, నమ్మకండి. మిగతా ప్రోగ్రాముల విషయంలో మాత్రం తొందరపడొద్దు. జూమ్ లాంటి మంచివి కూడా యాప్‌డేటా ఫోల్డర్‌లో కాపురం పెడతాయి.

ఇంకా అనుమానం తీరకపోతే ‘ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్’ను మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దించుకోండి. అది ఉచితం. మార్క్ రసినోవిచ్ రూపొందించిన ఈ పరికరం 2006లో మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చింది. దాని ఆప్షన్స్‌లో ‘వెరిఫై ఇమేజ్ సిగ్నేచర్స్’ నొక్కితే ఏ ఫైలుపై ఏ సంస్థ డిజిటల్ సంతకం ఉందో చూపిస్తుంది. అక్కడే ‘వైరస్ టోటల్’ తనిఖీ కూడా ఉంది. పదుల కొద్దీ యాంటీవైరస్‌లు ఏమంటున్నాయో ఒకేసారి తెలుస్తుంది. వాటిలో ఒక్కటే తప్పుపడితే చాలాసార్లు పొరపాటే. పది పట్టుకుంటే వదలకండి.

ల్యాప్‌టాప్ మొరాయించడానికి కారణం వేరే ఉండొచ్చు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ, డిస్క్ శీర్షికల మీద నొక్కి పైకి ఏది వస్తుందో చూడండి. ‘యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్’ అంటే విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్. ‘విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్’ అంటే అప్‌డేట్ల పని. చార్జర్ పెట్టి రెండు మూడు గంటలు వదిలేస్తే మామూలుగా అవే సద్దుమణుగుతాయి.

ప్రశ్న: ఏ పనీ చేయకపోయినా ఫ్యాను హోరెత్తుతోంది. టాస్క్ మేనేజర్ తెరవగానే ఆగిపోతోంది. ఎప్పుడైనా ఒక వింత పేరు దొరికి ఆపేసినా, నిమిషంలో మళ్లీ పుట్టుకొస్తోంది.
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: మీ విషయంలో నాకు నిజంగానే ఆందోళనగా ఉంది. మనకు తెలియకుండా క్రిప్టో కరెన్సీ తవ్వే ప్రోగ్రాములు కొన్ని ఇలాగే టాస్క్ మేనేజర్‌ను చూసి నక్కుతాయి. పుట్టుకొస్తోందంటే దాన్ని లేపేది ఇంకొకటి ఉంది: స్టార్టప్‌లోనో, టాస్క్ షెడ్యూలర్‌లోనో, సర్వీసుల్లోనో. మైక్రోసాఫ్ట్‌దే ‘ఆటోరన్స్’ అనే ఇంకో పరికరం వాటన్నింటినీ ఒకచోట చూపిస్తుంది. అనుమానమున్న దాన్ని డిలీట్ చేయకుండా టిక్ మాత్రం తీయండి. పొరపాటైతే మళ్లీ పెట్టుకోవచ్చు. తర్వాత విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కునే వీలు తక్కువ. క్రాక్ చేసిన గేమో సాఫ్ట్‌వేరో వేసి ఉంటే ముందు దాన్ని తీసేయండి. మెయిలు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఈ కంప్యూటర్‌లో కాకుండా వేరే పరికరంలో మార్చుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి ఎవరో ఫోన్ చేసి, ఈవెంట్ వ్యూయర్‌లో ఎర్ర గుర్తులు చూపించి, బాగుచేస్తామంటూ కంప్యూటర్ తమ చేతిలోకి ఇవ్వమన్నారు. ఆయన ఇచ్చేశారు.
– విజయవాడ

జవాబు: ఆ ఎర్ర గుర్తులు ఆరోగ్యంగా ఉన్న కంప్యూటర్‌లోనూ ఉంటాయి. ముందు ఇంటర్నెట్ తీసేసి, వాళ్లు వేయించిన రిమోట్ యాప్‌ను తొలగించండి. బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయి ఉంటే ఈ క్షణమే 1930కి ఫోన్ చేయండి. నాన్నగారిని మాత్రం కోప్పడకండి. రేపు ఇలాంటి ఫోన్ ఇంకొకటి వస్తే ఆయన ముందు మీకే చెప్పాలి.