జంపరు పెట్టే ముందు

చిరంజీవి బుజ్జికి,



పాత పెంటియం బోర్డు సంపాదించి జంపర్ల దగ్గర ఆగిపోయానని రాశావు. ఆగడమే మంచిదయింది.

ఇప్పటి బోర్డులు ప్రాసెసర్ ఏదో, దానికెంత వోల్టేజీ కావాలో వాటంతటవే కనుక్కుంటాయి. 1990ల నడుమ వచ్చిన సాకెట్ 7 బోర్డుల్లో చాలావాటికి మనం చెప్పిందే వేదం. ఆ చెప్పడం జంపర్లతోనే. 2.54 మిల్లీమీటర్ల ఎడంతో నిలబడ్డ రెండు పిన్నులకు ప్లాస్టిక్ క్యాప్ తొడిగితే, లోపలి రేకు వాటిని కలుపుతుంది. తీస్తే విడిపోతాయి.

నువ్వు తేల్చాల్సినవి మూడు: బస్ వేగం, దాన్ని ఎన్నింతలు చేయాలన్నది, వోల్టేజీ. 66 మెగాహెర్ట్జ్‌ను 3 రెట్లు చేస్తే పెంటియం 200. పెంటియం 233 ఎంఎంఎక్స్‌కు 3.5 రెట్లు కావాలి. మాన్యువల్‌లో 3.5 కనిపించకపోతే కంగారుపడకు. జంపరును 1.5 దగ్గర పెట్టు, ఆ చిప్ దాన్నే 3.5గా తీసుకుంటుంది.

వేగం తప్పితే సాధారణంగా మెషీన్ స్టార్ట్ కాదు, లేదా మధ్యలో హ్యాంగ్ అవుతుంది. సరిదిద్దుకోవచ్చు. వోల్టేజీ ఎక్కువైతే మాత్రం చిప్ కాలిపోవచ్చు. మామూలు పెంటియంకు చాలావరకు 3.3 వోల్టులు. డెస్క్‌టాప్ ఎంఎంఎక్స్‌కు లోపలి కోర్‌కు 2.8, బయటి సిగ్నళ్లకు 3.3. ఇలా రెండు వోల్టేజీలు ఇవ్వలేని బోర్డులో ఎంఎంఎక్స్ నేరుగా పెట్టకు. చిప్ మీది ఎస్-స్పెక్ నంబరును ఇంటెల్ పట్టికలో చూసి నిర్ధారించుకో. ఊహించి పెట్టకు.

పని మొదలుపెట్టే ముందు పవర్ కేబుల్ తీసెయ్. జంపర్లు ఇప్పుడెలా ఉన్నాయో ఫోటో తీసుకో. మూడు పిన్నులుంటే 1వది ఏదో బోర్డు మీద అంకెగానో, మందపాటి గీతగానో, చిన్న త్రికోణంగానో ఉంటుంది. తీసిన క్యాప్‌ను ఒక పిన్నుకే తగిలించి ఉంచు, పోదు. సెటప్ సెట్టింగులను చెరిపే సీమాస్ క్లియర్ జంపరు మార్చాల్సి వస్తే, కరెంటు ఇచ్చేలోగా యథాస్థానంలో పెట్టు.

బోర్డులన్నిటికీ ఒకే పట్టిక లేదు. అందుకే మోడల్ నంబరు, రివిజన్ రెండూ కలిసే మాన్యువల్‌నే నమ్ము. ఇదంతా చాదస్తమనుకోకు తల్లీ. ప్రతి జంపరూ ఎందుకక్కడ ఉందో చెప్పగలిగిన రోజున ఆ మెషీన్ నిజంగా నీకు అర్థమైనట్టు. సెటప్ మెనూలో 'ఆటో' అని వదిలేసేవాళ్లకు ఆ అవగాహన అంత తేలిగ్గా రాదు.

వోల్టేజీ జంపర్లు పెట్టాక ఫోటో, మాన్యువల్ పేజీ నాకు పంపు. ఇద్దరం సరిచూసుకున్నాకే స్విచ్ వేద్దువు గాని.

ఇట్లు,
మీ పెదనాన్న