సిటీ పోలీస్ నుంచి ఒలింపిక్స్ దాకా: ఒక చిన్న క్లబ్, కొన్ని ఇండియా క్యాప్‌లు

పోయిన సెమిస్టర్‌లో ఒక రాత్రి హాస్టల్ కామన్ రూమ్‌లో మ్యాచ్ అయిపోయాక ఒక జూనియర్ అడిగిండు: "అన్నా, మనోళ్ళు ఎవరన్నా ఇండియాకి ఫుట్‌బాల్ ఆడిండ్రా?" గదిలో పదిహేను మందిమి ఉన్నాం. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ గెలిచిన సంగతి అందరికీ గుర్తుంది. అంతకుముందు సంగతి మాత్రం ఒక్కరం చెప్పలేకపోయాం. నాది పాన్‌గల్. మా ఊరి కోట గుట్ట కింద పొలాలు కోసినాక మేం కూడా బంతి తన్నినవాళ్ళమే, కానీ నాకూ ఒక్క పేరు రాలేదు.

సిగ్గేసి వెతకడం మొదలుపెట్టాను. దొరికింది చూసి ఇంకా సిగ్గేసింది. ఎందుకంటే ఒకప్పుడు ఇండియా జట్టు ప్రకటిస్తే అందులో హైదరాబాద్ పేర్లు లేకుండా ఉండేవి కావు. వాటిలో చాలా పేర్లు ఒకే క్లబ్ నుంచి వచ్చాయి. దాని పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. ఈ వ్యాసం ఆ క్లబ్ గురించి, అక్కడ ఆడి దేశం జెర్సీ వేసుకున్నవాళ్ళ గురించి.

ముందు "క్యాప్" అంటే ఏంటి?

ఫుట్‌బాల్ ఆటగాడి గురించి చదివితే "ఇన్ని క్యాప్‌లు" అని ఉంటుంది. అంటే తన దేశం సీనియర్ జట్టు తరఫున అన్ని అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడాడని. ఇంగ్లండ్‌లో 1886 నుంచి దేశానికి ఆడినవాళ్ళకి నిజంగానే టోపీ ఇచ్చేవాళ్ళు. మిగతా దేశాల్లో టోపీ ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ మాట మాత్రం స్థిరపడిపోయింది.

ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. ఇప్పుడు ఒలింపిక్స్‌లో పురుషుల ఫుట్‌బాల్ ప్రధానంగా 23 ఏళ్ళలోపు వాళ్ళది. ఆ వయసు నిబంధన 1992లో వచ్చింది. 1950ల్లో మన దేశం ఒలింపిక్స్‌కి పంపింది అసలు సిసలు సీనియర్ జట్టునే. కాబట్టి ఆ రోజుల్లో ఒలింపియన్ ఫుట్‌బాలర్ అంటే దేశంలో ఉన్న అత్యుత్తమ ఆటగాళ్ళలో ఒకడు అన్నమాట.

ఎంత చిన్న క్లబ్?

అప్పుడు మన దేశంలో ఫుట్‌బాల్ అంటే కోల్‌కతా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్. ఆ క్లబ్బులకి లక్షల మంది అభిమానులు, నిండిపోయే మైదానాలు, ఎక్కడ మంచి ఆటగాడు కనిపించినా పిలిపించుకునే శక్తి ఉండేవి.

వీటి పక్కన సిటీ పోలీస్‌ని పెట్టి చూడండి. అది ఒక నగరం పోలీసు శాఖ టీమ్. బస్తీల్లో బాగా ఆడే కుర్రాడు కనిపిస్తే పోలీసు ఉద్యోగంలోకి తీసుకునేవాళ్ళు. పేద ఇంటి అబ్బాయికి అది నెలజీతం, ఇంట్లో పొయ్యి వెలగడం. ఆట దాంతోపాటు వచ్చేది. స్పోర్ట్స్ కోటా అని మనం ఇవాళ అనుకునేది అప్పుడే అక్కడ పనిచేసింది.

ఇలాంటి టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఒకసారి కాదు, వరసగా ఐదు! స్వాతంత్ర్యం వచ్చాక డ్యూరాండ్ కప్ మళ్ళీ మొదలైంది 1950లో. ఆ ఏడు ఫైనల్‌లో మోహన్ బగాన్‌ని ఓడించి అది కూడా హైదరాబాద్ తీసుకొచ్చింది. 1954లో, 1957లో మళ్ళీ డ్యూరాండ్ గెలిచింది. తర్వాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ అని పేరు మారింది. ఆ పేరుతో 1961లో ఇంకోసారి గెలిచింది.

అప్పటికి మా పాన్‌గల్ హైదరాబాద్ రాష్ట్రంలో, మహబూబ్‌నగర్ జిల్లాలో ఉంది. అంటే ఇది పరాయి ఊరి కథ కాదు. మన తాతల రాష్ట్రం టీమే.

లిస్టు మొదలవుతుంది

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫుట్‌బాల్ ఫైనల్‌లో ఇరాన్ మీద 1-0తో గెలిచి మనం బంగారు పతకం తెచ్చుకున్నాం. ఆ జట్టులో సిటీ పోలీస్ వాళ్ళు ఫుల్‌బ్యాక్ సయ్యద్ ఖాజా అజీజుద్దీన్, హాఫ్‌బ్యాక్ నూర్ మహమ్మద్, ఫార్వర్డ్ లాయఖ్ ఉన్నారు.

1952లో హెల్సింకీ ఒలింపిక్స్. అజీజుద్దీన్, నూర్ మళ్ళీ వెళ్ళారు, ఫార్వర్డ్ మొయినుద్దీన్ తోడయ్యాడు. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. ఈ ఓటమిని దాచుకోవాల్సిన పని లేదు. దాని తర్వాతే మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి.

నాలుగేళ్ళు తిరిగేసరికి 1956 మెల్బోర్న్. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాని వాళ్ళ దేశంలోనే 4-2తో ఓడించాం. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో 4-1, కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0. నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం అంత పైకి ఆ తర్వాత ఎప్పుడూ పోలేదు. ఆ జట్టులో హైదరాబాద్ వాళ్ళ పేర్లు చూడండి: అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫిఖారుద్దీన్, తులసీదాస్ బలరాం. కోచ్ కూడా హైదరాబాదీయే.

కోచ్ ఎవరంటే

సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం సాబ్ అనేవాళ్ళు. ఉస్మానియాలో చదివి, బడిలో టీచరుగా పనిచేసిన మనిషి. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా సిటీ పోలీస్ కోచ్. అదే కాలంలో ఇండియా కోచ్ కూడా.

ఆయన పద్ధతి మన ల్యాబ్ ఎక్స్‌పెరిమెంట్ లాగా ఉంటుంది. ఒకటి తప్ప మిగతా అన్నీ కట్టేసి ఆ ఒక్కదాన్నే గమనించడం. డ్రిబ్లింగ్ చేయకూడదని టోర్నమెంట్ పెట్టేవాడు. అప్పుడు ఏం జరుగుతుంది? బంతి వచ్చీ రాగానే ఇంకొకరికి ఇచ్చేయాలి. ఇవ్వాలంటే బంతి రాకముందే తల తిప్పి చూసుకోవాలి. చెప్పకుండానే పాసింగ్ వచ్చేస్తుంది. ఇంకో టోర్నమెంట్‌లో వాటం లేని కాలుతోనే ఆడాలి. కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలుతో తంటాలు పడాల్సిందే. మొదటి రోజు నవ్వులు, నెల తర్వాత రెండు కాళ్ళూ పనిచేస్తాయి.

దీనికి ఖరీదైన సామాను ఏమీ అక్కర్లేదు. ఒక మైదానం, ఒక బంతి, ఒక నిబంధన చాలు. చిన్న క్లబ్ పెద్ద క్లబ్బులని ఎలా ఓడించిందో నాకు ఇక్కడే అర్థమైంది. కొనడానికి డబ్బు లేనప్పుడు నేర్పడం ఒక్కటే దారి.

వెళ్ళిపోయినవాళ్ళు మనవాళ్ళేనా?

ఇలాంటి లిస్టు రాసేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. క్లబ్‌లో ఉండగా క్యాప్ వస్తే సరే. క్లబ్ వదిలి వెళ్ళాక వస్తే ఎవరి ఖాతాలో రాయాలి?

తులసీదాస్ బలరాం సంగతి తీసుకుందాం. 1936లో పుట్టాడు, సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు. ఇరవై ఏళ్ళ వయసులో మెల్బోర్న్ వెళ్ళాడు. 1957లో ఈస్ట్ బెంగాల్‌కి మారాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద గోల్ కొట్టాడు. ఆ మ్యాచ్ మనం 2-1తో మాత్రమే ఓడాం, ఆ హంగేరీ చివరికి కాంస్యం గెలిచిన జట్టు. తర్వాత పెరూ మీద కూడా గోల్ కొట్టాడు. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం. అదే ఏడాది అర్జున అవార్డు. ఊపిరితిత్తుల జబ్బు చేసి ముప్ఫై ఏళ్ళు రాకముందే ఆట ఆపేయాల్సి వచ్చింది.

రికార్డుల్లో ఆ రోమ్ గోల్స్ పక్కన ఈస్ట్ బెంగాల్ అని ఉంటుంది. అది తప్పు కాదు. కానీ ఆ కాలికి పదును పెట్టింది ఎవరు?

ఇంకొకరు సయ్యద్ నయీముద్దీన్. ఇక్కడి పోలీస్ టీమ్‌లో ఆడి కోల్‌కతా వెళ్ళాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన ఇండియాకి కెప్టెన్. ఆటగాడిగా అర్జున, కోచ్‌గా ద్రోణాచార్య రెండూ అందుకున్నాడు.

వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. యూసుఫ్ ఖాన్ పోలీస్ టీమ్‌లో ఉంటూనే రోమ్ ఒలింపిక్స్‌కి వెళ్ళాడు, జకార్తా బంగారం జట్టులో ఉన్నాడు, అర్జున అందుకున్నాడు. జకార్తా జట్టులో హైదరాబాద్ నుంచి అఫ్జల్ కూడా ఉన్నాడు.

నా లెక్క ఇది: చిన్న క్లబ్ లిస్టులో ఇద్దరినీ రాయాలి, కానీ రెండు వరుసల్లో. ఒక వరుస "ఇక్కడ ఉండగా ఆడినవాళ్ళు", రెండోది "ఇక్కడ నేర్చుకుని వెళ్ళినవాళ్ళు". మొదటిది క్లబ్ బలం చెబుతుంది. రెండోది క్లబ్ చేసిన పని చెబుతుంది. అలాగే ఊరివాళ్ళందరినీ ఒకే క్లబ్‌లో కలిపేయకూడదు. రహీం సాబ్ కొడుకు సయ్యద్ షాహిద్ హకీం రోమ్ జట్టులో ఉన్నాడు, తర్వాత ఫీఫా రిఫరీ అయ్యాడు. కానీ ఆయన దారి సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్ నుంచి సర్వీసెస్ వైపు వెళ్ళింది. హైదరాబాదీ నిజమే, కానీ ఈ లిస్టు ఆయనది కాదు.

తక్కువ క్యాప్‌లంటే తక్కువ ఆటగాడా?

సునీల్ ఛెత్రీకి 150కి పైగా క్యాప్‌లు ఉన్నాయి. ఆ పక్కన 1950ల ఆటగాళ్ళ అంకెలు చూస్తే "ఇంతేనా" అనిపిస్తుంది. ఒక చిన్న కూడిక చేద్దాం.

1951 ఆసియా క్రీడల్లో ఇండియా ఆడిన మ్యాచ్‌లు 3. 1952 ఒలింపిక్స్‌లో 1. 1956లో 3 (మొదటి రౌండ్‌లో హంగేరీ రాకపోవడంతో ఆడకుండానే ముందుకెళ్ళాం). 1960లో 3. 1962 ఆసియా క్రీడల్లో 5. మొత్తం 15.

మనం స్వర్ణయుగం అని చెప్పుకునే కాలంలో ఈ ఐదు పెద్ద టోర్నీలు కలిపినా పదిహేను మ్యాచ్‌లే! ఒక్కటీ వదలకుండా అన్నీ ఆడినా పదిహేను దాటదు. వేరే మ్యాచ్‌లు ఉండేవి కానీ ఇప్పట్లా ప్రతి కొన్ని నెలలకీ ఫీఫా విండో, క్వాలిఫయర్లు లేవు. కాబట్టి క్యాప్‌ల సంఖ్యని కాలం చూడకుండా పోల్చితే అది హారం చూడకుండా భిన్నాలని పోల్చినట్టే. నూర్ మహమ్మద్ 1951, 1952, 1956 మూడు జట్లలోనూ ఉన్నాడు. అంకె చిన్నదే కావచ్చు, కానీ ఐదేళ్ళ పాటు దేశం ఆయన్ని వదులుకోలేదు.

మరి లిస్టు ఎందుకు ఆగింది?

1962 సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారం తెచ్చాం. ఏడాది తిరగకముందే, 1963 జూన్‌లో, రహీం సాబ్ క్యాన్సర్‌తో చనిపోయాడు. వెంటనే అంతా కూలిపోలేదు. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత కూడా మహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ లాంటి వాళ్ళు ఈ నగరం నుంచే వచ్చారు. కానీ వాళ్ళ పేరు మోగింది కోల్‌కతాలో. ఆటగాళ్ళు వెళ్ళడం ఆగలేదు, వాళ్ళ జాగాలో కొత్తవాళ్ళని తయారుచేసే మనిషి మాత్రం దొరకలేదు.

నాకు తోచిన పాఠం ఇది. ఆ పద్ధతి ఒక మనిషి తలలో ఉంది. కాగితం మీద, ఒక బడిలా, పదిమంది కోచ్‌ల చేతుల్లో ఉండి ఉంటే ఆయన తర్వాత కూడా నడిచేది. మన ప్రాజెక్టుల్లో కూడా అంతే కదా, కోడ్ రాసినవాడు పాసై వెళ్ళిపోతే డాక్యుమెంటేషన్ లేని ప్రాజెక్ట్ అక్కడే పడి ఉంటుంది.

మనం చేయగలిగింది

జుల్ఫిఖారుద్దీన్ 2019లో పోయాడు. అహ్మద్ హుస్సేన్, హకీం 2021లో. బలరాం, హబీబ్ 2023లో. రహీం సాబ్ కథతో "మైదాన్" సినిమా 2024లో వచ్చింది. మనలో చాలామంది ఆ సినిమా చూసి మొదటిసారి ఈ పేర్లు విన్నాం. అప్పటికి, అడిగితే చెప్పగలిగినవాళ్ళు చాలామంది లేరు.

పెద్ద పేర్లకి రికార్డులు ఉన్నాయి. కానీ వాళ్ళ పక్కన ఆడి, క్యాప్ దాకా రాకుండా ఆగిపోయినవాళ్ళు ఉంటారు. పోలీసు శాఖలో రిటైరై ఏదో ఊళ్ళో అరుగు మీద కూర్చుని ఉంటారు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటి తాత ఉంటే ఈ సెలవుల్లో వెళ్ళి కూర్చోండి. ఫోన్‌లో రికార్డు చేయండి. ఏ మైదానంలో ఆడారు, బూట్లు ఎట్లా సంపాదించారు, ఎవరు నేర్పారు అని అడగండి.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు మా తాతని అడిగాను, "సిటీ పోలీస్ టీమ్ తెలుసా?" అని. ఆయన నవ్వి, "రేడియోల ఇన్న బిడ్డా, బలరాం బలరాం అని ఒకటే మోత" అన్నాడు. ఇన్నేళ్ళూ మా ఇంట్లోనే ఉన్న జవాబు అది. హాస్టల్‌కి రాగానే మొదట ఆ జూనియర్ గది తలుపు కొట్టాను.