మందువేళ

హెచ్.ఐ.వి. అను సూక్ష్మక్రిమి దేహమునందలి రక్షకకణములను నశింపజేయును. నేటి మాత్రలు దానిని సమూలముగా నిర్మూలింపజాలవు గాని అణచి యుంచగలవు. అందులకు వానిని ప్రతిదినము వేళ తప్పక సేవింపవలెను. పలుమారులు తప్పినచో రక్తమున మందు తగ్గును. క్రిమి వృద్ధిపొందుచు రూపు మార్చుకొనును. పిమ్మట ఆ మందే దానిపై పనిచేయకపోవచ్చును.

మరపునకు మందేది? కెన్యా దేశమున 2007 మొదలు 2009 వరకు 538 మంది రోగులతో ఒక పరీక్ష జరిగెను. వారిలో రమారమి సగముమంది సెల్‌ఫోనులకు వైద్యశాలనుండి వారమున కొకసారి "మాంబో?" అను సందేశము వచ్చుచుండెను. స్వాహిలీ భాషలో అది క్షేమమడుగు మాట. "సావా" యనిన క్షేమము. "షీదా" యనిన కష్టము. కష్టమని తెలిసినను, రెండు దినములలో జవాబు రాకున్నను, వైద్యశాలవారు ఫోను చేసి విచారించుచుండిరి. ఒక యేటికి క్రిమి అణగినవారు సందేశములు పొందినవారిలో నూటికి 57, పొందనివారిలో 48.

దక్షిణ భారతదేశమున 631 మందితో జరిగి 2014లో ప్రకటింపబడిన పరీక్షలో, వారము వారము యంత్రము చేసిన ఫోను పిలుపులవలనను, బొమ్మల సందేశములవలనను చెప్పుకోదగిన ప్రయోజనము కానరాలేదు. స్థలములు వేరు, రోగులు వేరు. కావున ఈ రెంటినిబట్టి తుదితీర్పు చెప్పరాదు. అయినను ఒకటి ఆలోచింపుడు: యంత్రము వేళను తెలుపగలదు, "షీదా" యన్నవాని కష్టమును వినుటకు మనుష్యుడే కావలెను.

మీ యెరుకలో నెవరైనను నిత్యము మాత్రలు సేవించుచున్నచో, ఏ రోగమని ఆరాతీయకుడు, పదిమందిలో చెప్పకుడు. క్షేమమడుగుడు, జవాబు వచ్చువరకు నిలువుడు.